చిన్నమ్మమ్మ ఇచ్చిన అంగుళం

మా వీధిలోకి పదిహేను రోజులకోసారి ఒక మోపెడ్ వస్తుంది. వెనక ఇనుప చట్రానికి స్టీలు గిన్నెలు, జల్లెడలు, ప్లాస్టిక్ బిందెలు వేలాడుతుంటాయి. "చిక్కు వెంట్రుకలు కొంటాం, తల వెంట్రుకలు కొంటాం" అని రికార్డు చేసిన గొంతు మైకులో అరుస్తుంటుంది. అది వినపడగానే ఎనభై నాలుగేళ్ళ మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు మాయమవుతాయి. వంటింటి కిటికీ చువ్వకు కట్టిన సంచి విప్పుకుని గేటు దగ్గరికి నడుస్తుంది.

ఆ సంచిలో మా ముగ్గురి జుట్టూ ఉంటుంది. రోజూ దువ్వెనలో మిగిలినదాన్ని వేలికి చుట్టి ఉండ చేయడం అమ్మకు చిన్నప్పటినుంచీ అలవాటు. అప్పట్లో ఆ ఉండమీద మూడుసార్లు తూ తూ అని ఉమ్మి పారేసేది. లేకపోతే ఎవరైనా ఎత్తుకుపోయి చేతబడి చేస్తారని భయం. ఇప్పుడు ఉమ్మడం మానేసి అమ్మడం మొదలుపెట్టింది.

మొన్న ఆరు నెలల జుట్టుకు ఒక గరిటె ఇస్తానన్నాడు. అమ్మ మూత ఉన్న డబ్బా అడిగింది. "తెల్లవి ఎక్కువున్నాయి మామ్మగారూ, రేటు రాదు" అన్నాడతను. "తెల్లవి నావి. నల్లవన్నీ మా మనవరాలివి. విడదీసి తూచుకో" అంది అమ్మ. పావుగంట వాదన తర్వాత డబ్బా వచ్చింది, మూత కొంచెం వదులు.

ఇదంతా ఎక్కడికి పోతుందని అడిగాను. ముందు ఏలూరు, అక్కడినుంచి చైనా అన్నాడు. మొదలూ కొసా కలిసిపోయిన ఈ చిక్కు జుట్టును కూలివాళ్ళు కూర్చుని ఒక్కొక్క పోగూ విడదీసి, పొడవుల ప్రకారం ఏరి, మళ్ళీ దువ్వాలి. అందుకే చవక. ఖరీదు పలికేది కొండమీది జుట్టు. ఒకే తలమీద నుంచి ఒకేసారి దిగుతుంది కాబట్టి కుదుళ్ళన్నీ ఒకవైపే ఉంటాయి, విగ్గుగా కుట్టినా చిక్కుపడదు. తిరుమల దేవస్థానం దాన్ని పొడవుల వారీగా వేరుచేసి వేలం వేస్తుంది.

ఆ జుట్టు 2004లో న్యూయార్క్‌లో మంటల్లో కాలింది. యూదుల్లో నిష్ఠగా ఉండే కుటుంబాల్లో పెళ్ళయిన ఆడవాళ్ళు తమ జుట్టు పరాయివాళ్ళకు కనపడనివ్వరు. చాలామంది విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గుల్లో కొన్ని మన తిరుమల తలనీలాలతో చేసినవని తెలిసి కలకలం రేగింది. విగ్రహానికి అర్పించిన వస్తువును వాడుకోవడం వాళ్ళ ధర్మంలో నిషిద్ధం. లండన్ నుంచి ఒక రబ్బీ, అంటే యూదుల మతగురువు, తిరుపతి వచ్చి విచారించి వెళ్ళాడు. జెరూసలేంలోని పెద్ద రబ్బీ ఎల్యాషివ్ ఆ విగ్గులు పనికిరావని తీర్పు చెప్పారు. బ్రూక్లిన్ వీధుల్లో ఆడవాళ్ళు ఖరీదైన విగ్గులు తెచ్చి మంటల్లో వేశారు.

అప్పుడు పేపర్లో చదివి నేనూ నవ్వుకున్నాను. కానీ వాళ్ళు తేల్చుకోవాలనుకున్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. కల్యాణకట్టలో కూర్చున్న మనిషి ఆ జుట్టును దేవుడికి ఇస్తున్నట్టా, లేక వదిలించుకుంటున్నట్టా? మనవాళ్ళను అడిగితే ఇందులో అనుమానమేముంది అంటారు. గొడ్డలి దెబ్బకు స్వామి తలమీద కొంత జుట్టు పోతే, గంధర్వ కన్య నీలాదేవి తన కురులు కోసి అతికించిందని కథ. తలనీలాలన్న మాటకు ఆమె పేరే మూలమని చెబుతారు. అందుకే అది ఇవ్వడమే. ఇష్టంగా, చేజేతులా.

నాకు ఆ ప్రశ్న వినగానే మా చిన్నమ్మమ్మ గుర్తొచ్చింది. అమ్మమ్మకు చెల్లెలు. 1911లో కోనసీమ అగ్రహారంలో పుట్టింది. అప్పటికి ముప్ఫయ్యేళ్ళ కిందటే, 1881 డిసెంబరు 11న, గోదావరి అవతల రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ కబురు నది దాటి మా ఊరికి చేరలేదనే అనుకోవాలి. చిన్నమ్మమ్మకు తొమ్మిదేళ్ళకు పెళ్ళి చేశారు, పన్నెండేళ్ళకు భర్త పోయాడు. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం రావడానికి ఇంకా ఆరేళ్ళుంది. పెద్దమనిషి కాగానే పెరట్లో పీటమీద కూర్చోబెట్టి తల గొరిగించారు. అప్పటినుంచి పదిహేను రోజులకోసారి అదే పీట.

మన భాష కూడా ఆ పీట దగ్గరే కూర్చుని తిట్లు నేర్చుకుంది. దేన్ని చులకన చేయాలన్నా 'బోడి' అంటాం. బోడి ఉద్యోగం, బోడి సలహా. పిల్లవాడు అన్నం పారబోస్తే 'వెధవా' అంటాం. అది విధవ అన్న మాటేనని ఒక్క క్షణం ఆలోచించం. చిన్నమ్మమ్మ ఉన్న ఇంట్లోనే, ఆమెకు వినపడేలాగే, ఈ రెండు మాటలూ రోజుకు ఇరవైసార్లు దొర్లేవి. ఆమె చింతపండు పిసుకుతూనే ఉండేది.

ఊళ్ళో భామాకలాపం వేస్తే మాత్రం ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. ముసుగు కప్పుకుని అందరి వెనక కూర్చునేది. ఇద్దరు తెర పట్టుకుంటే, సత్యభామ తెరకు అవతల మనవైపు వీపు పెట్టి నిలబడి, తన పొడవాటి జడను తెరమీద నుంచి ఇటు వేస్తుంది. నాతో ఆడి గెలవగలిగినవాళ్ళుంటే వచ్చి ఈ జడ కోసుకోండి అని సవాలు. ఆ వేషం కట్టేది మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకుని 1970లో పద్మశ్రీ అందుకున్నారు. మా ఊరికి వచ్చిన వేషధారి ఎవరో నాకు గుర్తులేదు. నాగరం నుంచి జడకుచ్చుల దాకా ఒక్కో నగా దీపం వెలుగులో తళుక్కుమనడం గుర్తుంది. ఆ జడ తెరమీద పడగానే చిన్నమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

ఆమె నోటికి వచ్చిన భారతంలో ఉద్యోగపర్వానిది పెద్దపీట. రాయబారానికి బయలుదేరే కృష్ణుడి ముందు, తిక్కన పద్యంలో, ద్రౌపది తన జుట్టు పట్టుకుని నిలబడుతుంది. ఇవి దుశ్శాసనుడి వేళ్ళలో చిక్కి, సగం తెగిపోగా మిగిలినవి, సంధి మాటలాడేటప్పుడు గుర్తుంచుకో అంటుంది. చిన్నమ్మమ్మ మిగతా పద్యాలన్నీ రాగం తీసి చదివేది. ఇది మాత్రం రాగం లేకుండా, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు చెప్పేది.

1974లో నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తిరుమలలో నా జుట్టు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. నాకు తొమ్మిదేళ్ళు, జడ నడుం దాకా ఉండేది. మూడు కత్తెరలు ఇస్తే సరిపోతుందని నాన్న అన్నా అమ్మ ఒప్పుకోలేదు. మొక్కంటే మొక్కే.

ప్రయాణానికి ముందు వేసవి సెలవులంతా అమ్మమ్మ ఇంట్లోనే ఉన్నాను, రాత్రిళ్ళు చిన్నమ్మమ్మ పక్కన పడుకునేదాన్ని. ఆమె తలమీద చెయ్యి వేసి నిద్రపోవడం నాకు ఇష్టం, ఉప్పుకాగితంలా గరగరలాడేది. ఆ వేసవిలో మాత్రం చేతికి మెత్తగా తగిలింది. ఏమిటిది అని అడిగితే నా నోటిమీద వేలు పెట్టింది.

తర్వాత గమనించాను. ముసలి క్షురకుడు ఎప్పటిలాగే పదిహేను రోజులకోసారి వస్తున్నాడు. పొది విప్పుతున్నాడు, కత్తి నూరుతున్నాడు, మజ్జిగ తాగి వెళ్ళిపోతున్నాడు. పీట తడుస్తోంది గానీ దానిమీద వెంట్రుక పడటం లేదు. బొంబాయిలో 1890లోనే కొందరు క్షురకులు సభ పెట్టుకుని, వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించుకున్నారని పెద్దయ్యాక చదివాను. మా క్షురకుడు ఏ సభకూ వెళ్ళి ఉండడు. మూడు నెలలు నోరు మాత్రం మెదపలేదు.

కల్యాణకట్టలో ముందు నన్ను కూర్చోబెట్టారు. నీళ్ళు చల్లగానే ఏడుపందుకున్నాను. జడ ఒళ్ళో పడ్డాక ఏడవడానికి కూడా తోచలేదు. నేను లేవగానే నా చోట్లో చిన్నమ్మమ్మ కూర్చుంది. ముసుగు తీసింది. అంగుళంపైన పెరిగిన జుట్టు, పూర్తిగా తెలుపు. "ఇదేమిటే!" అంది అమ్మమ్మ. ఆ గొంతులో కోపమెంతో భయమెంతో నాకు తెలియలేదు. చిన్నమ్మమ్మ అటు చూడలేదు.

"కొంచెమే ఉంది నాయనా, ఫరవాలేదా?" అని అడిగింది.

"గోవిందా అనండమ్మా" అన్నాడు క్షురకుడు, అందరికీ చెప్పినట్టే.

స్నానమయ్యాక ఆమె నా గుండుకు గంధం పూసింది. అరచేతిలో మిగిలినదాన్ని కాసేపు చూసి తన తలకు రాసుకుంది. గంధం ఆమె ఒంటిమీద చూడటం నాకు అదే మొదలు. క్యూలో మా ముందూ వెనకా గుండ్లే. కొత్త పెళ్ళికూతుళ్ళు, బాలింతలు, ముసలమ్మలు, గంధం ఆరి పెచ్చులు కట్టిన తలలతో కబుర్లాడుకుంటున్నారు. చిన్నమ్మమ్మ ముసుగు భుజంమీదకు జారిపోయి ఉంది, సరిచేసుకోలేదు. ఆమె తలవంక ఎవరూ చూడలేదు. ముందున్నావిడ వెనక్కి తిరిగి, "మీరు ఏం మొక్కుకున్నారండీ?" అని అడిగింది. చిన్నమ్మమ్మ ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ జవాబు నాకు వినపడలేదు.

సాయంత్రం బస్సు ఘాట్ రోడ్డు దిగుతుంటే గాలికి నా తల చల్లగా, వింతగా ఉంది. అలిపిరి దాటాక చిన్నమ్మమ్మ ముసుగు పైకి లాక్కుంది.