పుస్తకం చూసి చేస్తే ప్రార్థన కాదా?

సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్ళకు, అచ్చు వేసిన ప్రార్థన పుస్తకాన్ని, అంటే క్రమాన్ని, తప్పుపట్టే ఈ మాట కొత్త కాదు: "క్రమం చూసి చదివేది ప్రార్థనేంటండీ, ఆత్మ నడిపించాలి గానీ!" వ్యర్థమైన మాటలు వద్దని ప్రభువే అన్నాడుగా అంటూ మత్తయి 6:7 చూపిస్తారు. రెండు వచనాలు దాటగానే ఆ ప్రభువే పరలోక ప్రార్థన నేర్పించాడు, మాటలతో సహా.

అసలు పుస్తకం లేని ప్రార్థనను ఒకసారి శ్రద్ధగా వినండి. "మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచిన తండ్రీ" అంటారు. చివర్లో "అడిగి వేడుకొంటున్నాం పరమ తండ్రీ". శ్రీకాకుళంలో విన్నా, ఖమ్మంలో విన్నా, డాలస్‌లో ఇంటి కూటంలో విన్నా ఇంచుమించు ఇవే మాటలు. అచ్చు వేయలేదంతే, అదీ క్రమమే! దాన్ని నేను తప్పుపట్టను. పెద్దల నోట విని విని అబ్బిన మాటలవి. వాటి మధ్యలోంచే "మా వాడు తాగుడు మానాలి ప్రభువా" అనే సొంత మొర బయటికొస్తుంది.

సిలువ మీద యేసు ఏం ప్రార్థించాడు? ప్రాణం పోయే వేళ, ఎవరూ మాటలు వెతుక్కోలేని వేళ, "నా దేవా, నా దేవా" అని 22వ కీర్తన మొదటి వచనం ఎత్తుకున్నాడు. ఆఖరున ఆత్మను అప్పగించింది 31వ కీర్తన మాటలతో. అయితే కీర్తనలో లేని ఒక పిలుపు ముందు చేర్చాడు: "తండ్రీ". కంఠతా వచ్చిన దావీదు మాటల్లో అది కుమారుడి సొంత మాట.

అలాగని పుస్తకం పట్టినవాళ్ళంతా ప్రార్థిస్తున్నారని కాదు. పాపపు ఒప్పుకోలు చదువుతూనే గడియారం చూసేవాళ్ళుంటారు. పౌలు కొరింథు సంఘానికి రాస్తూ స్వేచ్ఛా క్రమమూ రెండూ కావాలన్నాడు: 1 కొరింథీ 14:26లో ఒకరికి కీర్తన, ఒకరికి బోధ, ఒకరికి ఆత్మ ప్రేరణతో పలికే భాష, అదే అధ్యాయం చివర "సమస్తమును మర్యాదగాను క్రమముగాను జరుగనియ్యుడి".

తొలి సంఘాల నాటి 'డిడాకే' అనే బోధల పుస్తకం కూడా ప్రభురాత్రి భోజనపు గిన్నెకూ రొట్టెకూ ప్రార్థనలు రాసిచ్చి, ప్రవక్తలను మాత్రం వారికి తోచినంతగా స్తుతించనివ్వమంది. 1947లో పలు సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. ఏర్పడ్డప్పుడు ఆంగ్లికన్లు ప్రార్థన పుస్తకంతో వచ్చారు, కాంగ్రిగేషనల్ వాళ్ళు అప్పటికప్పుడు చేసే ప్రార్థనతో. ఎవరి పద్ధతినీ నిషేధించకూడదని ముందే ఒప్పుకున్నారు. 1950లో ప్రభురాత్రి భోజనానికి కొత్త క్రమం తయారైంది. దాన్నీ అందరూ వాడి తీరాలని పట్టుబట్టలేదు.