పాత సెన్సస్‌లో తాతల పేర్లు ఎందుకు దొరకవంటే

ముందే చెప్పేస్తున్నా, 1881 సెన్సస్‌లోనో 1921 సెన్సస్‌లోనో మన ముత్తాత పేరు వెతుకుదాం అనుకునేవాళ్ళు ఆ ఆశ వదిలేసుకోండి, మన దేశంలో ఆ కాగితాలు లేవు.

మా చిన్నాన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు, వాళ్ళ పక్కింటాయన అమెరికా 1950 సెన్సస్‌లో వాళ్ళ తాత పేరు, ఇంటి నంబరు, చేసే పని అన్నీ చేతిరాతతో ఉన్న పేజీ చూపించాడంట. అక్కడ 72 ఏళ్ళు దాటాక అందరికీ ఇచ్చేస్తారు, అలా 2022లో బయటికొచ్చింది అది. ఇంగ్లండ్‌లో 1921ది కూడా అదే ఏడాది ఇచ్చారు. "అక్కా, అప్పుడు మనల్ని ఏలింది కూడా వాళ్ళే కదా, మనది కూడా ఎక్కడో ఉండే ఉంటది, నువ్వు గుంటూర్లోనే ఉన్నావుగా కొంచెం కనుక్కో" అన్నాడు. కనుక్కున్నా. ఇంగ్లండ్ వాళ్ళ 1931 కాగితాలు 1942లో గోడౌన్ తగలబడి పోయాయి, దానికి వాళ్ళు ఇప్పటికీ బాధపడతారు. మనకి ఏ మంటా అంటుకోలేదు, లెక్కలు కూడుకోవడం అయిపోగానే ఆ ఇంటింటి కాగితాలు దాచాల్సిన పని లేదని తీసేశారు అంతే. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో వచ్చిన సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మన వివరాల కాగితాలు ఎవరూ చూడటానికి లేదు. బతికున్నవాళ్ళ వివరాలు గుట్టుగా ఉంచాలి, అది నేనూ ఒప్పుకుంటా, కానీ వందేళ్ళ కిందట పోయినవాళ్ళ పేర్లు బయటికి ఇస్తే ఎవరికి నష్టం చెప్పండి.

1881 ఫిబ్రవరి 17న దేశమంతా ఒకేసారి లెక్క తీశారు. ఆ రోజు మా ఊళ్ళో మా ముత్తాత వాళ్ళ నాన్న ఉండే ఉంటాడు, ఒక మనిషి వచ్చి పేరు, వయసు, కులం, పని అడిగి రాసుకునే ఉంటాడు. మిగిలింది మాత్రం రిపోర్టులో తాలూకాకి ఇంతమంది మగ, ఇంతమంది ఆడ అనే అంకెలు. ఆ పేజీలు స్క్రీన్ మీద చూస్తుంటే నాకు నిజంగా కోపం వచ్చింది, అంత కష్టపడి ప్రతి గుమ్మం ఎక్కి అడిగిన పేరు ఉంచుకోవడానికి ఏం అడ్డం వచ్చింది అని.

ఇంకో సంగతి తెలిసి మనసు మరీ పాడైంది. 1860 నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరుకు తోటలకి లక్షా యాభై వేల మందికి పైగా కూలీలని ఓడల్లో తీసుకెళ్ళారు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, జిల్లా అన్నీ ఓడ లిస్టుల్లో ఉన్నాయి, ఇప్పుడు కూడా చూడొచ్చు. అంటే ఊరు వదిలి పోయినోడి పేరు దొరుకుతుంది, ఊళ్ళోనే పుట్టి ఊళ్ళోనే పోయినోడి పేరు దొరకదు.

సరే సెన్సస్ కాకపోతే ఇంకేంటి అంటే, పొలం ఉన్నోళ్ళకి రెవెన్యూ రికార్డులు. ఆర్‌ఎస్‌ఆర్, డైగ్లాట్ రిజిస్టరు అంటే ఏ సర్వే నంబరు పొలం ఎవరి పేరు మీదుందో రాసిన పాత పుస్తకాలు, అడంగళ్ళు అంటే ఏటా ఏ పొలం ఎవరు సాగు చేశారో రాసినవి. కానీ 1984లో కరణాలని తీసేసినప్పుడు ఊరి కాగితాలు మూటలు కట్టి ఇచ్చేశారు, ఆ తర్వాత తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, ఏ మూట ఎక్కడుందో చెప్పే మనిషి లేడు. మా ఊరు తెనాలి వైపు, 1859 నుంచి 1904లో గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడే దాకా అది కృష్ణా జిల్లా కింద లెక్క, కాబట్టి ఆ మధ్య కాలం కాగితం ఏది కావాలన్నా కృష్ణా జిల్లా పేరు మీదే అడగాలి. ఒంగోలు వైపు వాళ్ళకి 1970లో జిల్లా మారింది, బాపట్ల, పల్నాడు వాళ్ళకి 2022లో మళ్ళీ మారింది.

దీనికి తోడు మనకి తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఉంది కదా, అడంగల్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటసుబ్బయ్యలు ఉంటే మనోడెవరో తేల్చుకోవడం ఎంత కష్టమో చూసినోళ్ళకే తెలుసు. మా ఫ్రెండ్ ఒకామె వాళ్ళు లూథరన్లు, హేయర్ దొర అనే మిషనరీ 1842లో గుంటూరు వచ్చినప్పటి నుంచి మొదలైన మిషన్ కదా, వాళ్ళ చర్చిలో బాప్తిస్మం రిజిస్టర్లో నాలుగు తరాలు దొరికాయి, తల్లుల పేర్లతో సహా. చాలా సంతోషమేసింది నాకు ఆమెని చూస్తే. పొలమూ లేక రిజిస్టరూ లేని ఇళ్ళ వాళ్ళ సంగతేంటి మరి? వాళ్ళ తాతలు ఈ ఊళ్ళలోనే కాలవలు తవ్వారు, చేలు దున్నారు, ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

ఆడవాళ్ళ సంగతి సరేసరి. మా నాయనమ్మ వాళ్ళ అత్తగారి పేరు ఇంట్లో ఒక్కరికీ తెలీదు, అందరూ "పెద్దమ్మ" అనేవాళ్ళంట. మొదటి సాధారణ ఎన్నికలప్పుడు సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్నందుకు దేశంలో 28 లక్షల మంది ఆడవాళ్ళని ఓటర్ల లిస్టు నుంచి తీసేశారు, ఉత్తరాది వాళ్ళే ఎక్కువ అనుకోండి, కానీ అది చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది.

మరి దారి ఎక్కడ దొరికిందంటే, పక్కవాళ్ళ దస్తావేజుల్లో. పొలం అమ్మినా కొన్నా నాలుగు హద్దులు రాయాలి కదా, తూర్పు ఫలానావారి చేను, పడమర ఫలానావారిది అని. మా పొలం కాగితాలు ఎప్పుడో పోయాయి, కానీ మా పొలం గట్టు పక్క వాళ్ళు ట్రంకుపెట్టె తీసి పాత దస్తావేజు చూపించారు, పడమటి హద్దు కింద మా ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరుతో సహా ఉంది. ఆ తండ్రి పేరు మా నాన్నగారికి కూడా తెలీదు, ఫోన్లో చదివి వినిపిస్తే ఆయన రెండు సార్లు మళ్ళీ చదవమన్నారు.

ఇప్పుడు నేను వెతికేది పసుపుకుంకుమ కింద కూతురికి రాసిచ్చిన దఖలు దస్తావేజులు. అందులో కూతురు పేరు రాయక తప్పదు. ఆ పెద్దమ్మ పుట్టిల్లు కొల్లిపర వైపని మా మేనత్త అంటుంది, అటువైపు వాళ్ళెవరైనా ఇంట్లో పాత దస్తావేజులు ఉంటే చిత్తు కాగితాల్లో పడెయ్యకముందు ఒకసారి నాకు చూపించండి, ఫోటో తీసుకుని వెంటనే ఇచ్చేస్తా.