కిట్వేలో కేబుల్ రేటు

పొద్దున లేవగానే లండన్ మార్కెట్లో రాగి ధర చూస్తాను. నాకేం గనులు లేవు. జాంబియాలో, కిట్వే అనే ఊళ్లో, ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో లెక్కలు రాస్తాను. అంతే. కానీ ఈ దేశం ఎగుమతుల్లో దాదాపు 70 శాతం రాగే. ఆ ధర పడితే డాలర్లు తగ్గుతాయి, వెంటనే ఇక్కడి కరెన్సీ క్వాచా విలువ జారుతుంది. మా సరుకేమో చైనా నుంచి, ఇండియా నుంచి రావాలి.

2020లో కోవిడ్‌కి పాత అప్పులు తోడై, డాలరు 14 క్వాచాల నుంచి 21 దాకా పోయింది. రేట్ల కాగితం ఎన్నిసార్లు కొట్టేసి రాశానో. ఆ నవంబర్లోనే ప్రభుత్వం 4.25 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. రాగి మీద ఆశతో అప్పులు చేయడం ఇక్కడ కొత్త కాదు. 1970ల మధ్యలో ధర కూలినప్పుడూ ఇదే జరిగింది.

ఈ అవస్థకి కారణం అవినీతి అంటారు చాలామంది. ఉంది, కాదనను. కానీ షాపులో కూర్చున్నవాడికి కనిపించేది వేరే: వచ్చే నెల ఏది ఎంతవుతుందో ఎవడూ చెప్పలేడు.

2024 కరువు సంగతి చెప్పాలి. అప్పటికి ఇక్కడి కరెంటులో 80 శాతం పైన నీళ్ల మీదే. ఆ కరెంటు తీసే కరీబా డ్యామ్ అడుగంటింది. మా వీధికి రోజుకి మూడు గంటలు, అదీ అర్ధరాత్రి. దేశంలో కరెంటు సగం దాకా గనులకే పోతుంది మరి. వీధి చివర కిటికీ గ్రిల్స్ చేసే వెల్డర్ రాత్రి ఒంటిగంటకి గ్రైండర్ మొదలెట్టేవాడు. మా ఆవిడ విసుక్కునేది. నాకు మాత్రం, త్రీఫేజు కోసం టార్చిలైటు పట్టుకుని అర్ధరాత్రి చేనుకి వెళ్లే మా నాన్న గుర్తొచ్చేవాడు.

ఒకరోజు ఆ వెల్డరే పది మీటర్ల కేబుల్ కోసం వచ్చాడు. రేటు చెప్పాను. ఏమీ అనకుండా గుమ్మంలోంచి రోడ్డు వైపు చూశాడు. రాగి పలకలు కట్టలు కట్టి వేసుకున్న లారీ ఒకటి ట్రాఫిక్‌లో ఆగి ఉంది. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ రేవుకి కాబోలు, ఇక్కణ్ణుంచి సుమారు 1,900 కిలోమీటర్లు.

"బాస్, అది మా ఇంటి ముందు నుంచే పోతుంది. ఏ ఊళ్లు తిరిగొస్తే ఇంత ఖరీదవుతుంది?"

నవ్వాను గానీ జవాబు లేదు. ఇక్కడ వైరు అసలు తయారే కాదని కాదు, లువాన్షాలో ఫ్యాక్టరీ ఉంది. కానీ దాంతో ఏమవుతుంది? మా ఓనరు కూడా పైపులు చేసే చిన్న యూనిట్ పెడదామని లెక్కలు వేయించాడు. బ్యాంకు చెప్పిన వడ్డీ పాతిక శాతం పైన. జనరేటర్ డీజిల్ ఖర్చు కలిపేసరికి ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టేశాడు. ఇంకో కంటైనర్ ఆర్డర్ పెట్టమన్నాడు.

వెల్డర్ ఆరు మీటర్లే కొన్నాడు. పాతదాన్ని దీనికి అతికించుకుంటానని, ఇన్సులేషన్ టేపు ఒకటి ఊరికే అడిగి తీసుకెళ్లాడు.