పదిన్నర బువ్వను ఏడింటికి జరుపుకున్నాను

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) షాపులో గుమస్తాగా పనిచేస్తున్నాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్. పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం), ఆ తర్వాత కాంటాలు. చీకటి పడే వేళకు తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే తూకం, ధర చీటీలు) రాసి, రైతులకు పైసలు ఇచ్చి, లెక్క సరిచూసుకునేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. బండి మీద కాజీపేటలో ఇల్లు చేరేసరికి పది. పదిన్నరకు బువ్వ, పదకొండుంబావుకు పడక. ఏళ్ల తరబడి ఇదే నడిచింది.

నాకు 43 ఏళ్లు. ఏ జబ్బూ లేదు. పోయిన సీజన్ మొదట్లో రక్త పరీక్ష చేయించుకుంటే పరగడుపు షుగర్ 97, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే అంకె) 5.5. పరగడుపున 100 లోపు, హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉంటే నార్మలే. కానీ మా నాయనకు 48 ఏళ్లకే షుగర్ వచ్చింది. ఆయన కాలి పుండుకు కట్టు కట్టిన చేతులు నావి. అందుకే గీతకు ఇవతలే ఉన్నా ఆ రెండు అంకెలు చూసి నాకు టెన్షన్ పట్టుకుంది.

మెడిసిన్ చదువుతున్న మా మేనకోడలికి రిపోర్టు చూపించాను. అది తిండి గురించి అడగలేదు, టైము గురించి అడిగింది. "ఏం తింటున్నవో తర్వాత చూద్దాం మామా, ఎప్పుడు తింటున్నవో చెప్పు" అంది. చెప్పాక ఒక పరిశోధన సంగతి వివరించింది. 2020లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న 20 మందికి ఒకే భోజనాన్ని ఒక రోజు సాయంత్రం ఆరింటికి, ఇంకో రోజు రాత్రి పదింటికి పెట్టారట. రెండు రోజులూ పదకొండింటికే పడక. పదింటికి తిన్న రోజు రక్తంలో షుగర్ దాదాపు 18 శాతం ఎక్కువ ఎత్తుకు వెళ్లింది, రాత్రంతా ఒంట్లో కొవ్వు ఖర్చవడం 10 శాతం దాకా తగ్గింది. అందరిలో ఒకే తీరుగా కాదు, పెందలాడే పడుకునే అలవాటు ఉన్నవాళ్లలో తేడా ఎక్కువ కనిపించిందట.

ఎందుకని అడిగితే గడియారాల లెక్క చెప్పింది. మెదడులో ఉన్న పెద్ద గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. కాలేయానికి, క్లోమానికి కూడా వాటి గడియారాలు ఉన్నాయి, అవి చాలావరకు మనం తినే వేళను బట్టి నడుస్తాయి. ఈ గడియారాలు కణం లోపల ఎట్లా పనిచేస్తాయో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. చీకటి పడ్డాక నిద్ర కోసం మెలటోనిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది పెరిగిన వేళ క్లోమం నుంచి ఇన్సులిన్ మందకొడిగా వస్తుంది. సరిగ్గా అదే టైముకు నేను పళ్లెం ముందు కూర్చుంటున్నాను.

లెక్కలు రాసే మనిషిని, చూడకుండా నమ్మడం నాకు చేతకాదు. గ్లూకోమీటరు కొన్నాను. రెండు వారాల్లో నాలుగు రాత్రులు పదింబావుకు రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు పప్పు, కొంచెం పెరుగు తిని, గంటన్నర తర్వాత వేలు గుచ్చుకున్నాను. ఇంట్లో అందరూ పడుకున్నాక, వంటింటి లైటు కింద, స్ట్రిప్ మీద చుక్క రక్తం లోపలికి పీల్చుకునే ఆ ఐదు క్షణాలు నాకు జెండా పాటకు ఎదురుచూసినట్టే ఉండేది. 158, 171, 163, 149 వచ్చాయి.

ఇక మార్చుకోవడం. మొదట తప్పుదారి పట్టాను. పొద్దున టిఫిన్ మానేసి మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది లోపు తినే పద్ధతి అందరూ చేస్తున్నారని నేనూ చేశాను. ఎనిమిదింటికి నేనింకా మార్కెట్‌లోనే ఉండేవాణ్ణి. పదకొండింటికల్లా తలనొప్పి, తక్‌పట్టీలో తూకం ఒకచోట తప్పు రాశాను. రైతు పొట్ట కొట్టే తప్పు అది. సేటు చూసి దిద్దాడు. ఆ రోజే ఆ పద్ధతి ఆపేశాను. మా మేనకోడలు కూడా అదే మాట చెప్పింది: పొద్దున ఒళ్లు తిండిని బాగా సర్దుకుంటుంది, ఆ పూట కోసేసి రాత్రి పూట ఉంచుకోవడం తలకిందుల బేరం.

సాయంత్రం ఆరుముప్పావుకు మార్కెట్‌లోనే తినాలని నిర్ణయించుకున్నాను. మార్చి ఎండకు పొద్దున వండిన అన్నం సాయంత్రానికి పాసిపోతుంది. గేటు బయట రొట్టెలు చేసే అక్క దొరికింది. పిండిని అరచేత్తో తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన ఒకసారి అద్దుతుంది. తిప్పేసరికి రొట్టె పొంగుతుంది. ఇంటి నుంచి ఉల్లిగడ్డ కారమో వేపుడు కూరో తెచ్చుకుంటాను, పప్పు అక్క దగ్గరే. బస్తాల మీంచి లేచే మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగవు కాబట్టి షాపు వెనక గదిలో తలుపు వేసుకుని తినేవాణ్ణి.

ఆకలి కన్నా కష్టమైంది అమ్మ. నేను వచ్చేదాకా పళ్లెం మూసిపెట్టి కూర్చుంటుంది. "బయట తిని వస్తే ఇగ నేనెందుకు బిడ్డా" అంది మొదటి రోజు. ఆ మాటకు నాలుగు రోజులు లొంగిపోయి రెండుసార్లు తిన్నాను. తర్వాత ఒక ఒప్పందానికి వచ్చాం. పెద్ద భోజనం పొద్దున ఏడున్నరకు, అమ్మ చేతి అన్నం, పప్పుచారు, అందరం కలిసి. అమ్మ చిన్నప్పుడు వేలేరు దగ్గర ఊళ్లో దీపం పెట్టకముందే బువ్వ తినేవాళ్లట. ఎందుకని అడిగితే, "గ్యాస్‌నూనె యాడిది బిడ్డా" అంది. ఆరోగ్యం కోసం కాదు, దీపానికి కిరోసిన్ లేక.

నాతో తినాలని తొమ్మిదేళ్ల నా బిడ్డ కూడా పదింటి దాకా ఆకలితో కూర్చునేదని నాకు అప్పుడే తెలిసింది. ఈ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఇప్పుడది ఏడున్నరకల్లా తిని పడుకుంటోంది.

మొదటి వారం రాత్రి పదింటికి కడుపు గోల పెట్టేది. నీళ్లు తాగి పడుకున్నాను. రెండో వారంలో పొద్దున ఆరింటికే ఆకలి వేసింది. పొద్దుటి ఆకలి ఎట్లా ఉంటుందో ఎన్నో ఏళ్లుగా మరిచిపోయిన సంగతే నాకు అప్పటిదాకా తెలియదు.

మూడు వారాల తర్వాత అదే భోజనం ఆరుముప్పావుకు తిని, గంటన్నరకు గుచ్చుకున్నాను. 141, 133, 152, 138. అంతకుముందు సగటు 160, ఇప్పుడు 141. 152 వచ్చిన రోజు పాత 149 కన్నా ఎక్కువే, దాన్ని దాచను. ఇంట్లో వాడే మీటర్లలో 15 శాతం దాకా తేడా రావచ్చు. పైగా మార్కెట్‌లో తిన్నాక కాంటాల మధ్య తిరుగుతాను, నడిస్తే షుగర్ తగ్గుతుంది. అందుకే రెండు రోజులు తిన్న కుర్చీలోంచి లేవకుండా లెక్కలు రాసుకుంటూ చూశాను. 147, 144. అంటే నడక వాటా కొంత ఉంది, వేళ వాటా కూడా ఉంది.

బరువు మాత్రం మూడు నెలల్లో 74 కిలోల నుంచి 73. అంతే. చైనాలో 2022లో ఊబకాయం ఉన్న 139 మంది మీద ఏడాది పాటు చూస్తే, తిండి తగ్గించుకున్నవాళ్లకు వేళ కట్టడి వల్ల అదనంగా బరువేమీ తగ్గలేదట. బరువు కోసం ఇది మొదలుపెట్టేవాళ్లు నిరాశపడతారు. సీజన్ అయ్యాక పరగడుపు షుగర్ 91, హెచ్‌బీఏ1సీ 5.4. ఆ 0.1 తేడాను నేను లాభం ఖాతాలో రాయను. నిద్ర మాత్రం మారింది. అర్ధరాత్రి గొంతులోకి పులుపు ఎగదన్ని లేవడం పోయింది.

నన్ను చూసి మా హమాలీ ఒకాయన కూడా రాత్రి తిండి మానేస్తానన్నాడు. ఆయన షుగర్ మాత్రలు వాడుతున్నాడు. వద్దని చెయ్యి పట్టుకుని ఆపాను. మాత్ర వేసుకుని తిండి వేళ మారిస్తే షుగర్ పడిపోయి బస్తా కిందే కూలిపోవచ్చు. డాక్టరును అడిగాకే అన్నాను.

పెళ్లిళ్ల రోజుల్లో, సరుకు బాగా వచ్చిన రాత్రుల్లో తప్పాను. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర రాత్రి తొమ్మిదిన్నరకు అందరితో సద్ది తిన్నాను, మీటరు తీయలేదు. వారంలో ఐదు రోజులు కుదిరితే చాలనుకున్నాను.

ఈసారి సీజన్ మొదలైంది. సేటు ఆరున్నర నుంచి ఏడు దాకా తక్‌పట్టీలు ఆపడానికి ఒప్పుకున్నాడు. ఈ పూట రొట్టెల అక్కకు నలుగురికి చెప్పి పంపాను.