చూపించడానికి డబ్బుల్లేకపోతేనే భయం బాగా పండుతుంది

ఎవరూ పెద్దగా పట్టించుకోని చిన్న బడ్జెట్ సైఫై హారర్ సినిమాలంటే నాకు ప్రాణం. పెద్ద సినిమాలో డబ్బులుంటాయి కాబట్టి ఆ జీవి ఏదో తల నుంచి తోక దాకా చూపించేస్తారు, ఒకసారి చూసేశాక ఇంక భయమేముంటుంది, కొలత తెలిసిపోతుంది కదా. ఇక్కడ ఆ ఛాన్సే లేదు, డైరెక్టర్ బుర్ర వాడాల్సిందే.

1997లో వచ్చిన కెనడా సినిమా క్యూబ్ తీసుకోండి. వేల గదులు, కొన్నిట్లో ప్రాణం తీసే ట్రాప్స్, లోపల ఇరుక్కున్న కొంతమంది. కానీ వాళ్లు పూర్తిగా కట్టింది ఒకే ఒక్క గది సెట్, గోడల ప్యానెల్స్ రంగు మార్చి మార్చి ఇది ఇంకో గది అనిపించారు. ఈ సంగతి తెలిశాక మళ్లీ చూశాను, భయం తగ్గుతుందనుకుంటే ఇంకా పెరిగింది, ఎందుకంటే ఎన్ని తలుపులు తెరిచినా మళ్లీ అదే గది, కథలో వాళ్లని పిచ్చెక్కించేది కూడా సరిగ్గా అదే. డబ్బుల్లేకపోవడమే కథ అయిపోయింది.

1965లోనే ఇటలీ డైరెక్టర్ మారియో బావా ప్లానెట్ ఆఫ్ ది వాంపైర్స్ అనే సినిమా కోసం రెండు ప్లాస్టిక్ బండలు, అద్దాలు, బోలెడంత పొగతో ఏకంగా ఒక గ్రహాన్నే సృష్టించాడు, ఆ పొగలో ఏముందో మనకి కనపడదు, అంతే చాలు.

ఇంకోటి, ఈ చిన్న సినిమాల్లో మొహాలు మనకి తెలీవు. స్టార్ ఉంటే ఆయన చివరిదాకా ఉంటాడని ముందే తెలుసు, ఇక్కడ ఎవరు ఎప్పుడు పోతారో చెప్పలేం, ఆ టెన్షన్ ఎంత డబ్బు పెట్టినా రాదు.

అలాగని అన్నీ బాగుంటాయని కాదు, చాలావరకు బాగోవు. చవక గ్రాఫిక్స్‌తో పెద్ద సినిమాల్ని కాపీ కొట్టాలని చూసేవైతే అస్సలు భరించలేం.

మొదటిసారి చూసేవాళ్లకి నేనైతే 2013 నాటి కోహిరెన్స్ చెప్తాను. డైరెక్టర్ జేమ్స్ వార్డ్ బిర్కిట్ తన సొంత ఇంట్లోనే ఐదు రాత్రుల్లో తీశాడు, యాక్టర్లకి పూర్తి స్క్రిప్ట్ ఇవ్వలేదు, ఏ రోజుకారోజు ఎవరి నోట్స్ వాళ్లకి విడిగా ఇచ్చేవాడు, పక్కనున్నవాడు ఏమంటాడో తెలీదు కాబట్టి ఆ మొహాల్లో కంగారు చాలావరకు నిజమైనదే. ఫ్రెండ్స్ డిన్నర్‌కి కలుస్తారు, పైన తోకచుక్క వెళ్తుంటుంది, కరెంట్ పోతుంది. ఇంతకుమించి చెప్పను, ట్రైలర్ కూడా చూడకండి, ఒక్కసారిగా కూర్చుని మొత్తం చూసేయండి.