పండగ తర్వాత మళ్ళీ ఆకలి వేసేదాకా

కోనసీమలో సంక్రాంతి మూడు రోజులని చెప్పుకుంటాం గానీ, కడుపు లెక్కలో అది నెల రోజుల పండగ. ధనుర్మాసం సగంలో ఉండగానే బియ్యం నానబోయడం, పిండి పట్టించడం మొదలవుతుంది. అరిసెలు, పాకుండలు, సున్నుండలు, జంతికలు డబ్బాలకెక్కుతాయి. వచ్చే చుట్టాలు ఊరికే రారు కదా, ఆత్రేయపురం పూతరేకులో తాపేశ్వరం కాజాలో పట్టుకొస్తారు. ఈసారి మా ఆడపడుచు కొత్తల్లుడు మా ఇంటికి భోజనానికొచ్చాడు. పాపం ఆ అబ్బాయి మొహమాటపడి తిన్నదెంత! అతనికి తోడుగా కూర్చుని మేం లాగించిందే ఎక్కువ.

కనుమ నాడు మినుము తినాలి కాబట్టి గారెలు, గారెలున్నాయి కాబట్టి నాటుకోడి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మేమూ అంతే. ఏటా చూసే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కూడా వెళ్ళకుండా తిని పడుకున్నాం. ముక్కనుమ రాత్రికి నా పరిస్థితి ఏమిటంటే, ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు, పొట్ట డప్పులా బిగుసుకుపోవడం. వేలికున్న ఉంగరం రానంటోంది.

ఆ రాత్రి చేసిన పని ఒక్కటే, పడుకోకపోవడం. నూనె, నెయ్యి ఎక్కువైన భోజనం కడుపులోంచి తొందరగా దిగదు. నిండు కడుపుతో వెల్లకిలా పడుకుంటే లోపలి పులుపు పైకి తన్నుతుంది. కాసేపు పెరట్లో నెమ్మదిగా అటూ ఇటూ తిరిగి, తర్వాత తలవైపు ఎత్తు పెట్టుకుని ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను. ఎడమ పక్కకి పడుకుంటే పులుపు పైకి రావడం తగ్గుతుందని డాక్టర్లు కూడా చెబుతారు. నాకు నిజంగానే తేడా తెలిసింది.

తెల్లారేసరికి సలహాలు మొదలయ్యాయి. పక్కింటి పిన్నిగారు విరేచనానికి సునాముఖి పొడి వేసుకోమన్నారు. తోడికోడలు ఫోన్‌లో చూసిన డిటాక్స్ జ్యూస్ ఏదో తాగమంది. ఒకప్పుడైతే పండగ వెళ్ళగానే పిల్లలందరికీ ఆముదం పట్టేవారట. విరేచనాలయితే పొట్ట ఖాళీ అయినట్టు అనిపిస్తుందే గానీ, పోయేది ఎక్కువగా నీళ్ళూ లవణాలే. తిన్న అరిసె అప్పటికే ఒంటబట్టేసి ఉంటుంది. ఇక ఒంట్లో చెత్త ఊడ్చే పని లివరూ కిడ్నీలూ రోజూ చేస్తూనే ఉన్నాయి, వాటికి జ్యూసు అక్కర్లేదు.

నాకు నచ్చిన మాట మా అత్తయ్యగారిది. "ఇవాళ నువ్వు ఎవరికీ వడ్డించకమ్మా. ఆకలేసినోళ్ళు వాళ్ళే అడుగుతారు" అన్నారు. నాలుగు రోజులుగా మా ఇంట్లో ఆకలేసి అన్నం తిన్న మనిషి లేడని అప్పుడు తట్టింది. టైమయిందని టిఫిను, చుట్టాలొచ్చారని స్వీటు, టీవీ పెట్టారని జంతిక. లంఖణం పరమౌషధం అన్నది మరీ రోజంతా కడుపు మాడ్చుకోమని కాదని, ఆకలి తిరిగొచ్చేదాకా దానికి అడ్డం పడొద్దని నేను అర్థం చేసుకున్నాను.

పొద్దున్న కాసిని గోరువెచ్చని జీలకర్ర నీళ్ళు తాగాను. అందులో మహిమేమీ లేదు, వేడి నీళ్ళు హాయిగా ఉంటాయి, అంతే. మధ్యాహ్నం దాటాక నిజమైన ఆకలి వేసింది. పలచటి పెసరకట్టు, మెత్తగా వండిన అన్నం, ఆఖర్న మజ్జిగ. మజ్జిగలో చిటికెడు వాము పొడి, అల్లం ముక్క. ఉప్పు వేయలేదు. ఎందుకంటే ఉంగరం బిగుసుకుపోయింది ఉప్పు వల్లే. జంతికలు, ఊరగాయ, కోడి పులుసు అన్నీ కలిసి ఒంట్లో నీరు పట్టేస్తాయి. రెండు పూటలు ఉప్పు తగ్గించి నీళ్ళు బాగా తాగితే అదే జారిపోతుంది.

అందరూ ఘాటుగా మిరియాల చారు పెట్టుకోమంటారు. జలుబుకైతే సరే గానీ, ఛాతీలో మంట ఉన్నప్పుడు మిరియాలు, చింతపండు పులుపు రెండూ పడవు. పరగడుపున నిమ్మరసం కూడా అంతే. పుదీనా సంగతి చాలామందికి తెలియదు, ఉబ్బరానికి మంచిదే అయినా, మంట ఉన్నవాళ్ళకి కొందరికి దాన్ని పెంచుతుంది. నేను ధనియాలు, జీలకర్ర వేసి, పులుపు పేరుకి మాత్రమే తగిలించి చారు కాచాను. సోడా కలిపినట్టు నురగలొచ్చే పొడుల్లో సోడియం ఎక్కువ, అత్తయ్యగారికి బీపీ కాబట్టి వాటిని ఇంట్లోకే రానివ్వలేదు.

కోనసీమలో ఉండి కొబ్బరినీళ్ళ గురించి చెప్పకపోతే బాగోదు. దింపు తీయించి రోజుకో బొండం తాగాం. మా మామగారికి మాత్రం ఇవ్వలేదు. ఆయనకి కిడ్నీ ఇబ్బంది ఉంది, బొండంలో పొటాషియం ఎక్కువ. మా ఆయనకి షుగరు. అందరితో పాటు తనూ పస్తుంటానని బయల్దేరారు. షుగరు మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయని గట్టిగా చెప్పి, టైముకి ఇంత పెసరకట్టన్నం పెట్టాను. ఆకలి వేసేదాకా ఆగే సిద్ధాంతం ఇంట్లో అందరికీ వర్తించదు మరి.

మా మరిదిది వేరే బాధ. పందాల బరిలో రాత్రంతా తాగొచ్చి, పొద్దున్నే తలనొప్పని పారాసిటమాల్ అడిగాడు. అంత తాగిన ఒంటికి ఆ మాత్ర లివరు మీద భారం. వేరే నొప్పి మాత్రలతో కడుపులో పుండు పడే ప్రమాదం ఉంది. నీళ్ళు, మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాను. తాగింది లివరు తన వేగంతోనే కరిగిస్తుంది, ఫిల్టర్ కాఫీతో దాన్ని తొందరపెట్టలేం.

ఆ వారమంతా ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూరే వండాను. ఒకేసారి పచ్చి ముక్కలు, మొలకలు అంటూ మొదలుపెడితే ఉన్న ఉబ్బరం ఇంకా పెరుగుతుంది కాబట్టి ఉడికించినవే. పొద్దున్న పూట చద్దన్నంలో పెరుగు. తరవాణి, అంటే పులియబెట్టిన గంజి, కూడా పెట్టాలనుకున్నాను గానీ నా మంటకి ఆ పులుపు భయమేసింది. మలబద్ధకానికి రాత్రిపూట చక్కెరకేళి అరటిపండు నాకు చాలింది.

అన్నిటికన్నా పనిచేసింది నడక. భోజనమయ్యాక ఓ పావుగంట కాలువ గట్టు మీద, చెమట పట్టేంత కాదు, మాట్లాడుకుంటూ నడవడం. ఆ రోజుల్లో దాళ్వా (రెండో పంట) వరి నాట్లు పడుతుంటాయి, కాలువ నిండా నీళ్ళు, చూడ్డానికి బాగుంటుంది. మా ఆయన కూడా వచ్చేవారు. తిన్న తర్వాత అలా నడిస్తే షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. దారిలో కనిపించినవాళ్ళందరూ "రండి, ఓ అరిసె తిని వెళ్ళండి" అనడమే ఇబ్బంది.

బరువు చూసుకుని టెన్షన్ పడకండి. నేనూ మిషన్ ఎక్కాను, ముల్లు బాగానే కదిలింది. తీపీ అన్నం ఎక్కువ తిన్నప్పుడు ఒంట్లో ఆ చక్కెర గ్లైకోజన్ అనే రూపంలో నిల్వ అవుతుంది, దాని ఒక్కో గ్రాముతో సుమారు 3 గ్రాముల నీరు కూడా చేరుతుంది. దానికి ఉప్పు పట్టిన నీరు తోడు. అందులో కొవ్వు కొంతే, మిగతాది మామూలు తిండికి రాగానే దిగిపోతుంది. నాకు దిగింది.

ఒక్క విషయం మాత్రం ఇంటి వైద్యానికి వదలకూడదు. మా వైపు గుండెనొప్పిని కూడా గ్యాస్ అనుకుని గోళీసోడా తాగి పడుకునే అలవాటుంది. ఛాతీలో బరువుగా ఉండి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే 108కి ఫోన్ చేయాలి. ఆగకుండా వాంతులు, నల్లటి విరేచనం, జ్వరంతో కడుపునొప్పి వచ్చినా డాక్టరు దగ్గరికే.

ఇక అసలు సమస్య డబ్బాలు. పండగ నాలుగు రోజులు తిన్నదాని కన్నా, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా మూత తీసి నోట్లో వేసుకున్నదే ఎక్కువ చేటు. అరిసెలు వారాల తరబడి నిలవుంటాయి, పాడైపోతాయన్న తొందరేమీ లేదు. సగం పనివాళ్ళకీ, హైదరాబాదు వెళ్ళే పిల్లలకీ కట్టిచ్చేశాను. మిగిలినవి అటక మీదికి ఎక్కించి, నిచ్చెన సావిట్లో పెట్టించాను. కావాలనుకున్నవాళ్ళు నిచ్చెన మోసుకొచ్చి ఎక్కి తినొచ్చు. ఇప్పటిదాకా మా మరిది ఒక్కడే ఎక్కాడు.

భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం ఉంది, రథం చూడ్డానికి అందరం వెళ్తున్నాం. ఆ రోజు ఉపవాసమని అత్తయ్యగారు ముందే చెప్పేశారు. తిరిగొచ్చేటప్పుడు జీళ్ళు కొనకుండా వచ్చే ఉద్దేశం నాకైతే లేదు.