చీటీ గుడ్డ

నేను నెదర్లాండ్స్ వచ్చి నాలుగేళ్లయిందండి. ఇప్పుడు ఒక మ్యూజియంలో పాత వస్తువులు దాచే స్టోర్‌లో కాంట్రాక్టు ఉద్యోగం, ఒక్కో వస్తువు వివరాలు రాసిన పాత చేతిరాత కార్డులు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మొదటి వారమంతా పింగాణీ ప్లేట్లే. రెండో వారం ఒక సొరుగు లాగితే పల్చటి కాగితం కింద ఆడవాళ్ల జాకెట్టు, తెల్లటి నూలు మీద ఎర్ర పూలు తీగలు, 18వ శతాబ్దానిదంట, ఎరుపు మాత్రం నిన్న అద్దినట్టే ఉంది. కార్డు మీద 'సిట్స్' అనుంది. మా అమ్మమ్మ ఇలాంటి పూల అద్దకం గుడ్డని చీటీ గుడ్డ, చీటీ లంగా అనేది చూడండి, అదే మాటండి ఇది.

కింద రెండు గడులు. చోటు: కోరమండల్ తీరం. చేసినవారు: తెలియదు.

ఆ సొరుగులో ఉన్నవన్నీ అంతే, పదమూడుసార్లు 'తెలియదు' అని నా చేత్తో టైపు చేశాను ఆ రోజు.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరండి. పుష్కరాలకి వలంధర రేవులో మునిగినవాళ్లమే గానీ వలందులంటే ఈ డచ్చివాళ్లని ఇక్కడికొచ్చాకే తెలిసింది నాకు. పాలకొల్లులో 1613లోనే వీళ్ల కంపెనీ గుడ్డల వ్యాపారం పెట్టింది, నరసాపురంలో ఓడలు కట్టించుకున్నారు, 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పేదాకా మధ్యలో పోయి మళ్లీ వచ్చి అలా రెండొందల ఏళ్లు మనూళ్లోనే ఉన్నారు. ఆ జాకెట్టు పాలకొల్లుదే అని నేననను, రుజువు లేదు. కానీ ఆ పని ఎంతుందో చూడండి. గుడ్డని కరక్కాయ రసంలో, గేదె పాలల్లో ముంచి ఆరబెట్టాలి, రంగు పాకకుండా. నల్ల గీతకి ఇనుము నానబెట్టిన నీళ్లు, ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు కలంతో రాస్తారు, అప్పుడు ఎర్ర రంగిచ్చే చిరివేరు వేసి మరగబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుద్ది. నీలానికైతే మిగతా గుడ్డంతా మైనం పూసి నీలిమందు తొట్లో ముంచాలి. ఎండ, నీళ్లు, ఇన్ని చేతులు. ఇక్కడ హిండెలోపెన్ అనే ఊళ్లో ఎవరైనా పోతే ఆడవాళ్లు నీలం తెలుపు చీటీ బట్టలే కట్టుకునేవారంట. మన తీరంలో ఎవరో ముంచిన నీలం వీళ్ల దుఃఖానికి పనికొచ్చింది, ఆ సంగతి ముంచినవాళ్లకి తెలిసుండదు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ నలభై ఏళ్లుగా లేసు అల్లుద్దండి, ఏజెంటు దారం ఇచ్చి పోతాడు, అల్లింది పట్టుకెళ్తాడు, ఆ తర్వాత అది ఏ దేశం పోయిందో మాకు తెలీదు. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే గుర్తింపు, వచ్చింది, ఊరి పేరైనా నిలబడిందని చాలా సంతోషించాను. అయినా ఒక్కో ముక్క అల్లిన మనిషి పేరు దాని వెంట పోదు కదా.

"ఎవరు చేశారో తెలీదా వాళ్లకి? అదేంటే, చూస్తే తెలీదూ? నేనల్లింది, మీ పెద్దమ్మ అల్లింది పక్కపక్కన పడేస్తే కళ్లు మూసుకుని తడిమి చెప్తాను" అంది అమ్మ.

నిజమేనండి. ఆ గుడ్డ రాసినవాళ్ల వీధిలో కూడా ఈ తీగ ఎవరి చెయ్యో అందరికీ తెలిసే ఉంటది. ఓడెక్కాకే 'తెలియదు' అయ్యింది.

మర్నాడు మా పై ఆవిడ్ని అడిగాను, ఊరి పేరు రాయొచ్చా అని. రుజువు లేందే కుదరదంది, అది న్యాయమే. మరి మా భాషలో దీని పేరు రాయొచ్చా అంటే కాసేపు ఆలోచించి ఇతర పేర్లని ఒక గడి ఉంది, అందులో రాయమంది. తెలుగు అక్షరాలు ఆ సిస్టమ్ తీసుకుంటదో లేదోనని భయపడ్డాను గానీ తీసుకుంది. పదమూడింటికీ కూర్చుని 'చీటీ' అని ఎక్కించాను.